ఫ్రాంకో అనంతర స్పెయిన్‌లో ప్రజాస్వామ్యం, సంస్కృతి

1975 నవంబరు 20న జనరల్ ఫ్రాన్సిస్కో ఫ్రాంకో మరణంతో స్పెయిన్ దేశంలో దాదాపు 36 సంవత్సరాల నియంతృత్వం ముగిసింది. తరువాతి మూడేళ్ళలోనే ఆ దేశం ఎన్నికలు, రాజకీయ పార్టీలు, లిఖిత రాజ్యాంగం గల ప్రజాస్వామ్యంగా మారింది. ఈ మార్పును స్పానిష్ భాషలో "లా ట్రాన్సిసియోన్" (పరివర్తన) అంటారు. పెద్ద యుద్ధమేమీ లేకుండా, పాత పాలనలోని వారూ ప్రతిపక్షంలోని వారూ చర్చించుకొని సాధించిన మార్పు కావడం వలన రాజనీతి శాస్త్ర విద్యార్థులు దీనిని ఒక ముఖ్య ఉదాహరణగా చదువుతారు.

అయితే చట్టాలు మారినంత త్వరగా సమాజం తన గతాన్ని గురించి మాట్లాడలేకపోయింది. కొత్త ప్రజాస్వామ్యం గతాన్ని కదపరాదన్న ఒక అంగీకారంపై నిలబడింది. ఆ అంగీకారం దేశంలో శాంతిని కాపాడింది, కానీ అంతర్యుద్ధ కాలంలోనూ ఆ తరువాతా చంపబడి, గుర్తు తెలియని గోతులలో పూడ్చబడిన వారి కుటుంబాలకు న్యాయాన్ని వాయిదా వేసింది. ఆ బాకీని అడిగినవారు ప్రధానంగా మనుమల తరంవారు.

నేపథ్యం

1931లో స్పెయిన్‌లో రాజరికం పోయి రెండవ గణతంత్రం ఏర్పడింది. 1936 జూలైలో సైన్యంలోని ఒక వర్గం ఆ ప్రభుత్వంపై తిరుగుబాటు చేయడంతో అంతర్యుద్ధం మొదలైంది. హిట్లర్, ముస్సోలినీల సహాయం పొందిన తిరుగుబాటుదారులకు ఫ్రాంకో నాయకుడయ్యాడు. 1939 ఏప్రిల్ 1న ఆయన విజయాన్ని ప్రకటించాడు. యుద్ధం చివరి దశలో లక్షలాది జనం సరిహద్దు దాటి ఫ్రాన్సుకు వెళ్ళారు.

రెండు పక్షాల ప్రాంతాలలోనూ నిరాయుధుల హత్యలు జరిగాయి. చరిత్రకారుల అంచనాల ప్రకారం గణతంత్ర పక్షం ఆధీనంలోని ప్రాంతాలలో సుమారు 50 వేల మంది, ఫ్రాంకో పక్షం చేతిలో యుద్ధకాలంలోనూ ఆ తరువాతా కలిపి లక్షకు పైగా చంపబడ్డారు. మొదటి వర్గంవారిలో అనేకుల దేహాలను యుద్ధం తరువాత ప్రభుత్వమే వెలికితీయించి గౌరవంగా ఖననం చేయించింది. చర్చి గోడలపై వారి పేర్లు చెక్కించింది. రెండవ వర్గంవారు రోడ్ల పక్క గోతులలో, శ్మశానాల గోడల వెలుపల ఉండిపోయారు. కవి ఫెదెరికో గార్సియా లోర్కా 1936 ఆగస్టులో గ్రనడా సమీపంలో చంపబడ్డాడు. ఆయన దేహం కోసం 2009లో అల్ఫకార్ వద్ద త్రవ్వి చూసినా ఏమీ దొరకలేదు.

అనంతపురం జిల్లాలో గ్రామీణాభివృద్ధి ట్రస్టును స్థాపించి తెలుగువారికి సుపరిచితుడైన విన్సెంట్ ఫెర్రర్ (1920-2009) ఈ యుద్ధాన్ని చూసిన తరానికి చెందినవాడే. బార్సిలోనాలో పుట్టిన ఆయన యౌవనంలో గణతంత్ర సైన్యంలో చేరి 1938 నాటి ఎబ్రో నది యుద్ధంలో పాల్గొన్నాడు. ఓటమి తరువాత శరణార్థుల శిబిరంలో గడిపాడు.

నియంతృత్వంలో జనజీవనం

ఫ్రాంకో పాలనలో ఒకే రాజకీయ పార్టీ ఉండేది. స్వతంత్ర కార్మిక సంఘాలు, సమ్మెలు నిషేధం. కాథలిక్ మతం రాజ్య మతం. 1953లో వాటికన్‌తో కుదిరిన ఒప్పందం చర్చికి విద్యలోనూ వివాహ వ్యవహారాలలోనూ విశేషాధికారాలు ఇచ్చింది. విడాకులు లేవు. వివాహిత స్త్రీ బ్యాంకు ఖాతా తెరవాలన్నా, ఉద్యోగంలో చేరాలన్నా భర్త అనుమతి కావలసి ఉండేది. ఈ నిబంధన ఫ్రాంకో చనిపోవడానికి కొద్ది నెలల ముందు, 1975 మే నెలలో మాత్రమే రద్దయింది.

పత్రికలు, పుస్తకాలు, నాటకాలు, సినిమాలు సెన్సారుకు లోబడి ఉండేవి. విదేశీ చిత్రాలను స్పానిష్‌లోకి డబ్బింగు చేయడాన్ని 1941లో తప్పనిసరి చేశారు. సంభాషణలను ఇష్టానుసారం మార్చడానికి ఇది వీలు కల్పించింది. "మొగాంబో" (1953) చిత్రంలో వివాహేతర ప్రేమను దాచడం కోసం భార్యాభర్తలను డబ్బింగులో అన్నాచెల్లెళ్ళుగా మార్చారు. దాంతో కథ మరింత అసభ్యంగా తయారైంది. లూయి బున్యుయెల్ తీసిన "విరిదియానా" చిత్రానికి 1961లో కాన్ ఉత్సవంలో అత్యున్నత బహుమతి వచ్చినా, స్వదేశంలో ప్రదర్శన 1977 వరకు సాధ్యపడలేదు.

కాటలాన్, బాస్క్, గలీసియన్ భాషలను పాఠశాలల నుండి, కార్యాలయాల నుండి తొలగించారు. పిల్లల పేర్లను కూడా స్పానిష్ రూపంలోనే నమోదు చేయవలసి వచ్చేది. ఇంట్లో "జోర్డి" అని పిలిచే బాలుడు బడి రిజిస్టరులో "హోర్హే" అయ్యేవాడు.

ఈ వ్యవస్థ చివరి దశలో లోపలి నుండి కొంత సడలింది. 1959 నాటి ఆర్థిక స్థిరీకరణ పథకం తరువాత పరిశ్రమలు పెరిగాయి, లక్షలాది యాత్రికులు రాసాగారు, స్పెయిన్ కార్మికులు పని కోసం జర్మనీ, ఫ్రాన్సులకు వెళ్ళి వచ్చారు. 1966 నాటి పత్రికా చట్టం ముందస్తు సెన్సారును తొలగించినా శిక్షలను ఉంచింది. అందుచేత 1975 నాటికి జనజీవనం చట్టాల కంటే ముందుకు నడిచిందని చెప్పవచ్చు. పరివర్తన వేగంగా జరగడానికి ఇది ఒక ముఖ్య కారణం.

రాజకీయ పరివర్తన (1975-1978)

ఫ్రాంకో 1969లోనే యువరాజు హువాన్ కార్లోస్‌ను తన వారసునిగా ప్రకటించాడు. ఆయన 1975 నవంబరు 22న రాజయ్యాడు. 1976 జూలైలో అడాల్ఫో స్వారెజ్‌ను ప్రధానిగా నియమించాడు. స్వారెజ్ పాత పాలనలో పెరిగిన మనిషే. ఆయన ప్రతిపాదించిన రాజకీయ సంస్కరణ చట్టాన్ని ఫ్రాంకో కాలపు చట్టసభ 1976 నవంబరు 18న 425 ఓట్లతో ఆమోదించింది. 59 మంది వ్యతిరేకించారు. దీనివల్ల ఆ సభ తనను తానే రద్దు చేసుకొన్నట్లయింది. పాత చట్టాలలో చెప్పిన పద్ధతినే అనుసరించి పాత వ్యవస్థను తొలగించడం ఈ మార్గంలోని ప్రత్యేకత. డిసెంబరులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ఓటు వేసినవారిలో 94 శాతం దీనిని సమర్థించారు.

1977 జనవరి 24న మాడ్రిడ్ నగరంలోని అటోచా వీధిలో కార్మిక న్యాయవాదుల కార్యాలయంపై తీవ్ర మితవాదులు కాల్పులు జరిపి ఐదుగురిని చంపారు. అంత్యక్రియలకు వచ్చిన వేలాది జనం నిశ్శబ్దంగా, క్రమశిక్షణతో నడిచారు. ప్రతీకారం కోసం పిలుపు రాలేదు. అప్పటివరకు నిషేధంలో ఉన్న కమ్యూనిస్టు పార్టీపై జనాభిప్రాయం మారడానికి ఈ ఘటన తోడ్పడింది. ఏప్రిల్ 9న ఆ పార్టీకి చట్టబద్ధత లభించింది.

1977 జూన్ 15న, 41 సంవత్సరాల తరువాత తొలిసారిగా బహుళ పార్టీ ఎన్నికలు జరిగాయి. స్వారెజ్ నాయకత్వంలోని మధ్యేవాద కూటమి మొదటి స్థానంలో, సోషలిస్టు పార్టీ రెండవ స్థానంలో నిలిచాయి. ఆ సంవత్సరం అక్టోబరులో ప్రభుత్వమూ పార్టీలూ ధరలు, వేతనాలు, పన్నులపై "మొంక్లోవా ఒప్పందాలు" కుదుర్చుకొన్నాయి. వివిధ పార్టీలకు చెందిన ఏడుగురు సభ్యులు రాజ్యాంగ ముసాయిదాను తయారు చేశారు. 1978 డిసెంబరు 6న ప్రజలు దానిని ఆమోదించారు. ఈ రాజ్యాంగం పార్లమెంటరీ రాజరికాన్ని స్థాపించింది. రాజ్య మతం లేదని ప్రకటించింది, శాంతికాలంలో మరణశిక్షను రద్దు చేసింది, దేశ ఐక్యతతో పాటు ప్రాంతాల స్వయంపాలన హక్కును గుర్తించింది.

మరపు ఒడంబడిక

1977 అక్టోబరు 15 నాటి క్షమాభిక్ష చట్టం ఈ పరివర్తనకు మూలస్తంభం. ఫ్రాంకో పాలనను వ్యతిరేకించి జైలు పాలైన వారి విడుదల కోసం ప్రతిపక్షాలు కోరి సాధించుకొన్న చట్టం ఇది. అనేక సంవత్సరాలు జైలులో గడిపిన కార్మిక నాయకుడు మార్సెలినో కమాచో సైతం సభలో దీనిని సమర్థించాడు. కానీ అదే చట్టం ఖైదీలను హింసించిన పోలీసులకు, అధికారులకు కూడా వర్తించింది. ఒకే కాగితం జైలు తలుపులను తెరిచింది, న్యాయస్థానం తలుపులను మూసింది.

గతాన్ని రాజకీయ ఆయుధంగా వాడరాదన్న అలిఖిత అంగీకారాన్ని తరువాతి కాలంలో "మరపు ఒడంబడిక" అన్నారు. దీని అర్థం ప్రజలు నిజంగా మరచిపోయారని కాదు. అంతర్యుద్ధంపై పుస్తకాలు, సినిమాలు విరివిగా వచ్చాయి. లేనిది ప్రభుత్వం తరపు విచారణ. అర్జెంటీనాలో సైనిక పాలకులను 1985లో న్యాయస్థానంలో నిలబెట్టారు. అటువంటి విచారణ గాని, సత్యశోధన సంఘం గాని స్పెయిన్‌లో ఏర్పడలేదు. న్యాయమూర్తులు, పోలీసులు, సైన్యాధికారులు చాలావరకు తమ పదవులలోనే కొనసాగారు.

నాయకులు ఇందుకు అంగీకరించడానికి భయం ఒక ప్రధాన కారణం. ఆ భయం నిరాధారం కాదని 1981 ఫిబ్రవరి 23న తేలింది. ఆ రోజు లెఫ్టినెంట్ కల్నల్ ఆంటోనియో తెహెరో సుమారు 200 మంది సాయుధులతో పార్లమెంటులో ప్రవేశించి సభ్యులను బందీలుగా పట్టుకొన్నాడు. వాలెన్సియా నగర వీధులలో ట్యాంకులు తిరిగాయి. అర్ధరాత్రి దాటిన తరువాత రాజు సైనిక దుస్తులలో టెలివిజన్‌లో ప్రసంగించి రాజ్యాంగాన్ని సమర్థించాడు. మరునాడు మధ్యాహ్నానికి కుట్ర విఫలమైంది. మరుసటి సంవత్సరం ఎన్నికలలో సోషలిస్టులు 350లో 202 స్థానాలు గెలిచారు. ఫెలిపే గొంజాలెజ్ ప్రధాని అయ్యాడు. అంతర్యుద్ధంలో ఓడిన పక్షానికి చెందిన పార్టీ శాంతియుతంగా అధికారం చేపట్టడాన్ని పరివర్తనకు ముగింపుగా అనేకులు భావిస్తారు.

మార్పు పూర్తిగా రక్తరహితం కాదు. బాస్క్ వేర్పాటువాద సంస్థ ఎటా తన మొత్తం చరిత్రలో 800 మందికి పైగా చంపింది. ఈ హత్యలలో అధిక భాగం ఫ్రాంకో మరణం తరువాత జరిగినవే. 1983-87 మధ్య ప్రభుత్వంలోని వారి అండతో నడిచిన గాల్ అనే రహస్య ముఠా 27 మందిని చంపింది. ఈ వ్యవహారంలో ఒక మాజీ హోం మంత్రికి 1998లో శిక్ష పడింది. ఎటా 2011లో సాయుధ పోరాటాన్ని విరమించి, 2018లో రద్దయింది.

సాంస్కృతిక మార్పులు

కళలు, ప్రచార సాధనాలు

1976 మే 4న "ఎల్ పాయిస్" దినపత్రిక ప్రారంభమై కొత్త కాలపు చర్చలకు వేదికయింది. 1977 నవంబరులో సినిమా సెన్సారు రద్దయింది. మాడ్రిడ్‌లో పాటల బృందాలు, చిత్రకారులు, సినిమా యువకులు కలిసి "లా మొవీదా" అనే సాంస్కృతిక సందడిని సృష్టించారు. పెద్రో అల్మొదోవార్ తొలి చిత్రం 1980లో విడుదలైంది. సోషలిస్టు ఆచార్యుడైన నగర మేయరు ఎన్రికే తియెర్నో గల్వాన్ ఈ యువతను ప్రోత్సహించాడు. వీరి కళలో రాజకీయాలు తక్కువ. ఫ్రాంకో అనే మనిషే లేనట్లు జీవించడం వారి పద్ధతి. ఇది స్వేచ్ఛకు గుర్తు అని కొందరు, మరపులో భాగమని మరికొందరు విమర్శకులు అభిప్రాయపడ్డారు.

పాబ్లో పికాసో 1937లో చిత్రించిన "గెర్నికా" న్యూయార్కులో ఉండేది. స్పెయిన్‌లో ప్రజాస్వామిక స్వేచ్ఛలు తిరిగి నెలకొన్న తరువాతనే దానిని అక్కడికి పంపాలని ఆయన కోరాడు. 1981 సెప్టెంబరు 10న, అంటే సైనిక కుట్ర జరిగిన ఏడు నెలల లోపే, ఆ చిత్రం మాడ్రిడ్ చేరింది. మొదట దానిని గుండ్లు తగిలినా పగలని అద్దం వెనుక, సాయుధుల కాపలాలో ప్రదర్శించారు. 1992 నుండి అది రైనా సోఫియా మ్యూజియంలో ఉంది.

కుటుంబం, స్త్రీలు, మతం

1978లో గర్భనిరోధక సాధనాలపై నిషేధం తొలగింది, వివాహేతర సంబంధం శిక్షార్హమైన నేరం కాకుండా పోయింది. విడాకుల చట్టం 1981లో, పరిమిత పరిస్థితులలో గర్భస్రావాన్ని అనుమతించే చట్టం 1985లో వచ్చాయి. 2005లో స్వలింగ వివాహాలకు చట్టబద్ధత లభించింది. 1975లో స్త్రీకి సగటున 2.8గా ఉన్న సంతాన రేటు 1990ల మధ్య నాటికి 1.2 కంటే తగ్గింది. భర్త అనుమతి లేకుండా ఖాతా తెరవలేని తల్లుల కుమార్తెలు న్యాయమూర్తులు, మంత్రులు కావడానికి ఒక తరం చాలింది. 2004లో ఏర్పడిన మంత్రివర్గంలో స్త్రీ పురుషులు సమాన సంఖ్యలో ఉన్నారు. చర్చికి వెళ్ళేవారి సంఖ్య బాగా తగ్గినా, పవిత్ర వారపు ఊరేగింపులు, గ్రామ దేవతోత్సవాల వంటి పునీతుల పండుగలు నేటికీ వైభవంగా జరుగుతాయి. మతం శాసనం నుండి తొలగి ఆచారంగా నిలిచింది.

భాషలు, ప్రాంతాలు

కాటలోనియా, బాస్క్ ప్రాంతాలకు 1979లోను, గలీసియాకు 1981లోను స్వయంపాలన చట్టాలు వచ్చాయి. 1983 నాటికి దేశమంతా 17 స్వయంపాలిత ప్రాంతాలుగా ఏర్పడింది. పూర్వం రహస్యంగా బోధించిన భాషలు పాఠశాలలలో బోధనా మాధ్యమాలయ్యాయి. బాస్క్ టెలివిజన్ 1982లో, కాటలాన్ టెలివిజన్ 1983లో ప్రసారాలు మొదలుపెట్టాయి. బాస్క్ భాష వృద్ధుల కంటే యువకులకు ఎక్కువగా రావడం ఈ విధానాల ఫలితం. అయితే ప్రాంతాల అధికారాల హద్దులను గురించిన వివాదం ముగియలేదు. 2017లో కాటలోనియా స్వాతంత్ర్య ప్రయత్నంతో అది తీవ్ర రూపం దాల్చింది.

దేశ చిహ్నాల విషయంలో కూడా ఏకాభిప్రాయం కష్టమైంది. స్పెయిన్ జాతీయ గీతానికి అధికారిక పదాలు లేవు. ఫ్రాంకో కాలపు పదాలు వదిలివేశారు. 2008లో కొత్త సాహిత్యం కూర్చే ప్రయత్నం విమర్శల వలన ఆగిపోయింది. ఆటగాళ్ళు గీతం వినబడుతుండగా మౌనంగా నిలబడతారు.

మనుమల తరం, స్మృతి ఉద్యమం

2000 అక్టోబరులో పాత్రికేయుడు ఎమిలియో సిల్వా లెయోన్ ప్రాంతంలోని ప్రియరాంజా దెల్ బియెర్జో గ్రామం వద్ద తన తాత పూడ్చబడిన గోతిని త్రవ్వించాడు. అందులో 13 మంది అవశేషాలు లభించాయి. పురావస్తు శాస్త్రజ్ఞుల పద్ధతులతో త్రవ్వి, జన్యు పరీక్షలతో గుర్తించిన ఈ ఘటన తరువాత దేశవ్యాప్తంగా కుటుంబాలు ముందుకు వచ్చాయి. అదే సంవత్సరం చారిత్రక స్మృతి పునరుద్ధరణ సంఘం ఏర్పడింది. యుద్ధాన్ని చూసినవారు భయంతో నోరు విప్పలేదు. వారి పిల్లలు ఆ మౌనంలోనే పెరిగారు. మనుమలు ప్రజాస్వామ్యంలో చదువుకొని, భయం తెలియనివారై ప్రశ్నించారు. తాత ఎక్కడున్నాడన్న ప్రశ్న వారికి రాజకీయం కాదు, ఇంటి విషయం.

న్యాయమూర్తి బాల్తసార్ గార్జోన్ 1998లో చిలీ మాజీ నియంత పినోషేను లండన్‌లో అరెస్టు చేయించాడు. పరదేశపు నియంతపై విచారణ సాధ్యమైనప్పుడు స్వదేశంలో ఎందుకు కాదన్న ప్రశ్న తలెత్తింది. 2008లో ఆయన ఫ్రాంకో కాలపు నేరాలపై విచారణ మొదలుపెట్టి, అదృశ్యమైన 1,14,000 మందికి పైగా బాధితుల జాబితాను ప్రస్తావించాడు. క్షమాభిక్ష చట్టం అడ్డు వచ్చింది. అధికారాన్ని మీరాడన్న అభియోగం ఆయనపైనే వచ్చింది. 2012లో ఈ కేసులో నిర్దోషిగా తేలినా, అంతకు కొద్దిరోజుల ముందు వేరొక కేసులో వృత్తి నుండి బహిష్కరించబడ్డాడు.

2007 నాటి చారిత్రక స్మృతి చట్టం ఫ్రాంకో పాలనను ఖండించి, గోతుల త్రవ్వకాలకు సహాయాన్ని, బహిరంగ స్థలాలలో నియంతృత్వ చిహ్నాల తొలగింపును నిర్దేశించింది. ఆ చట్టాన్ని తెచ్చిన ప్రధాని హోసే లూయి రోద్రిగెజ్ సపతేరో తాతగారిని 1936లో తిరుగుబాటుదారులు కాల్చి చంపారు. తరువాత వచ్చిన ప్రభుత్వం త్రవ్వకాలకు నిధులు నిలిపివేసింది. 2022 నాటి ప్రజాస్వామ్య స్మృతి చట్టం మృతదేహాల అన్వేషణను ప్రభుత్వ బాధ్యతగా చేసింది. జన్యు నమూనాల జాతీయ నిధిని ఏర్పాటు చేసి, ఫ్రాంకో కాలపు రాజకీయ శిక్షలను చెల్లనివిగా ప్రకటించింది.

నేలకొరిగినవారి లోయ

మాడ్రిడ్ సమీపంలోని కొండలో 1940-1959 మధ్య రాజకీయ ఖైదీల శ్రమను కూడా వాడుకొని ఫ్రాంకో ఒక భారీ చర్చిని తొలిపించాడు. దానిపైన సుమారు 150 మీటర్ల ఎత్తు శిలువ ఉంది. లోపల 33 వేలకు పైగా యుద్ధమృతుల అవశేషాలున్నాయి. వీరిలో వేలాదిమంది గణతంత్ర పక్షంవారిని బంధువుల అనుమతి లేకుండా తెచ్చి, వారిని చంపించిన పాలకుని సమాధి ఉన్న చోటనే ఉంచారు. సుదీర్ఘ న్యాయవివాదం తరువాత 2019 అక్టోబరు 24న ఫ్రాంకో అవశేషాలను అక్కడినుండి తీసి కుటుంబ సమాధికి తరలించారు. ప్రజాస్వామ్యం వచ్చిన 40 సంవత్సరాలకు పైగా నియంత సమాధి ప్రభుత్వ ఆస్తిలో, ప్రధాన వేదిక పక్కన, పుష్పాలంకరణలతో ఉండిపోయింది. 2022లో ఆ స్థలానికి క్వెల్గమూరోస్ లోయ అన్న పాత పేరును పునరుద్ధరించారు. బంధువులు కోరిన అవశేషాలను గుర్తించి అప్పగించే పని 2023లో మొదలైంది.

భిన్నాభిప్రాయాలు

పరివర్తనను సమర్థించేవారు మూడు విషయాలు చెబుతారు. సైన్యం పాత భావాలతో ఉన్నప్పుడు విచారణలు మొదలుపెడితే 1936 పునరావృతమయ్యేది. రెండు పక్షాల చేతులకూ రక్తం అంటింది కనుక పరస్పర క్షమాపణే మార్గం. ఆ రాజీ వలననే 1986లో ఐరోపా సమాజంలో ప్రవేశం, ఆర్థికాభివృద్ధి సాధ్యమయ్యాయి.

విమర్శకులు ఈ క్షమాపణ సమానమైనది కాదంటారు. గెలిచినవారి మృతులకు దశాబ్దాలపాటు సమాధులు, పింఛన్లు, స్మారకాలు దక్కాయి. ఓడినవారికి మరపు మాత్రమే మిగిలింది. 1978 నాటి భయం 2000 నాటికి లేనప్పుడు కూడా మౌనాన్ని కొనసాగించడం రాజీ కాదని, అలవాటని వారి వాదన. మితవాద పక్షాలు స్మృతి చట్టాలు పాత గాయాలను రేపుతాయని వ్యతిరేకిస్తున్నాయి. ఈ చర్చ నేటికీ ఎన్నికల అంశంగానే ఉంది.

ఈ రెండు వాదాలూ ఒకదానినొకటి పూర్తిగా కొట్టివేయవు. 1977లో వివేకమైనది 2007లో అన్యాయం కావచ్చు. ఎన్నికలు, రాజ్యాంగం మూడేళ్ళలో సాధ్యమయ్యాయి. కుటుంబ జీవనం, భాషలు మారడానికి ఒక తరం పట్టింది. గోతిలో ఉన్నవాని పేరు బహిరంగంగా పలకడానికి రెండు తరాలు పట్టాయి. గోతులు ఇంకా మిగిలి ఉన్నాయి, వాటి కోసం ఎదురుచూసే కుమారులు, కుమార్తెలు మాత్రం వృద్ధాప్యంతో ఏటేటా తగ్గిపోతున్నారు.

ఇవి కూడా చూడండి

స్పెయిన్ అంతర్యుద్ధం
ఫ్రాన్సిస్కో ఫ్రాంకో
గెర్నికా (చిత్రం)
ఫెదెరికో గార్సియా లోర్కా
విన్సెంట్ ఫెర్రర్